నీటి మరుగు స్థానం, పీడనం: 5 నుంచి 104 కిలోపాస్కల్ దాకా కొలిచే అమరిక – ప్రాజెక్టు డైరీ

పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుందని చూపించడానికి ఒక సిరంజి, కాస్త గోరువెచ్చని నీళ్లు చాలు. ఫలానా పీడనం దగ్గర ఫలానా డిగ్రీ అని అర డిగ్రీ లోపు తేడాతో చెప్పాలంటే మాత్రం పని పూర్తిగా వేరు. ఈ డైరీ ఆ రెండో పని గురించి. ఇదే అమరిక కట్టుకోవాలనుకునేవాళ్లు దీన్ని దగ్గర పెట్టుకుని పని చేయవచ్చు. కట్టకుండా వదిలేయాల్సిన భాగాలేవో కూడా ఇందులోనే ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూడాలి. పీడనం కొలవడంలో 1 కిలోపాస్కల్ (ఇకపై కి.పా.) తప్పు పడితే మరుగు స్థానంలో ఎంత తప్పు పడుతుంది?

- 100° దగ్గర: 0.28°
- 80° దగ్గర: 0.53°
- 60° దగ్గర: 1.1°
- 46° దగ్గర: 2°
- 33° దగ్గర: 3.6°

అంటే ఈ ప్రయోగంలో అసలు కష్టం థర్మామీటరుతో కాదు. థర్మామీటరు కొన తాకుతున్న ఆ నీటి దగ్గర, ఆ క్షణాన, నిజంగా ఉన్న పీడనమెంతో తెలుసుకోవడమే కష్టం. కిందికి దిగేకొద్దీ అది మరింత పెరుగుతుంది. అందుకే ప్రతి దశ చివర ఒక 'దోషాల పద్దు' రాశాం. అన్నిటినీ 60° (సుమారు 20 కి.పా.) దగ్గర డిగ్రీల్లోకి మార్చి నేరుగా కూడాం. వర్గాల మొత్తానికి వర్గమూలం తీసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వీటిలో సగం దోషాలు ఎప్పుడూ ఒకే వైపుకి లాగుతాయి, ఒకదాన్నొకటి కొట్టివేయవు.

దశ 1: మొదటి అమరిక, అది చెప్పిన అబద్ధాలు

సామాను: 1 లీటరు బోరోసిలికేట్ గుండ్రటి అడుగు ఫ్లాస్కు (మూడు మూతులది), 300 వాట్ల హీటింగ్ మాంటిల్ (ఫ్లాస్కు అడుగును పట్టుకుని వేడి చేసే గిన్నె లాంటి హీటరు), రబ్బరు బిరడాలు, మందపాటి గోడ ఉన్న వాక్యూమ్ గొట్టం (లోపలి వ్యాసం 6 మి.మీ.), డయల్ వాక్యూమ్ గేజి, స్టీలు తొడుగున్న డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబు, గ్యాస్ బల్లాస్ట్ (నూనెలో చేరే ఆవిరిని వదిలించడానికి పంపులోకి కాస్త గాలి వదిలే వాల్వు) ఉన్న రెండంచెల రోటరీ వేన్ పంపు, సూది వాల్వు, 500 గ్రాముల డిస్టిల్డ్ వాటర్.

గాజు విషయంలో రాజీ వద్దు. 13 సెం.మీ. వ్యాసమున్న ఫ్లాస్కు లోపల గాలి తీసేస్తే దాని అడ్డుకోత మీద పడే తోపుడు దాదాపు 130 కిలోల బరువుకు సమానం. గుండ్రటి ఆకారం దాన్ని తట్టుకుంటుంది. బల్లపరుపు అడుగున్న పలచటి ఫ్లాస్కు తట్టుకోదు. మందపాటి గోడల ఫిల్టర్ ఫ్లాస్కు వాక్యూమ్‌ను భరిస్తుంది గానీ వేడి చేస్తే పగులుతుంది. మందం ఎక్కువైన కొద్దీ లోపలికీ బయటికీ ఉష్ణోగ్రత తేడా పెరగడమే కారణం. ఫ్లాస్కు మీద చిన్న గీత కనబడినా పక్కన పెట్టేయాలి. మంచి ఫ్లాస్కుకు కూడా మాంటిల్ బయట ఉండే భాగానికి పారదర్శక టేపు చుట్టి, ముఖానికి షీల్డు పెట్టుకుని పని చేయాలి.

ఈ అమరికలో మొదటి రీడింగులు పుస్తకాల్లోని ఆవిరి పట్టికతో పోలిస్తే కొన్ని డిగ్రీల దూరంలో పడ్డాయి. అదీ ఒక్కోసారి ఒక్కో దూరంలో. కారణాలు విడదీస్తే ఇవి:

1. డయల్ గేజి పూర్తి స్కేలు 100 కి.పా., ఖచ్చితత్వం అందులో 2.5 శాతం. ఆ 2.5 కి.పా. స్కేలు పొడవునా అంతే ఉంటుంది. 60° దగ్గర అది 2.7°.
2. డీఎస్18బీ20 కి 85° దాకా ±0.5°. ఆ పైన తయారీదారు హామీ ఇంకా సడలుతుంది, 125° దాకా ±2°.
3. ప్రోబు కొన నీటి ఉపరితలానికి 5 సెం.మీ. లోతున ఉంది. ఆ నీటి బరువే 0.49 కి.పా. అదనపు పీడనం. 100° దగ్గర దీని ప్రభావం 0.14° మాత్రమే, అందుకే మామూలు ప్రయోగాల్లో ఎవరూ పట్టించుకోరు. 60° దగ్గర 0.5°, 33° దగ్గర ఏకంగా 1.7°.
4. నున్నటి కొత్త గాజులో నీరు మరుగు స్థానం దాటి వేడెక్కి, ఒక్కసారిగా ఎగజిమ్ముతోంది. ఈ అతితాపనాన్ని 2° గా వేసుకున్నాం.

ఇంకొకటి పద్దులో రాయలేదు గానీ అన్నిటికంటే పెద్దది. డయల్ గేజి చూపేది బయటి గాలితో ఉన్న తేడా. అసలు పీడనం రావాలంటే గది పీడనంలోంచి దాన్ని తీసేయాలి. ఆ గది పీడనాన్ని వాతావరణ యాప్ నుంచి తీసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. యాప్ చూపేది సముద్ర మట్టానికి సవరించిన విలువ. 500 మీటర్ల ఎత్తున్న చోట దానికీ నిజమైన గది పీడనానికీ 5 నుంచి 6 కి.పా. తేడా ఉంటుంది. సముద్ర మట్టానికి సవరించని రీడింగు ఇచ్చే బారోమీటరు తప్పనిసరి.

దోషాల పద్దు: గేజి 2.7 + ప్రోబు 0.5 + లోతు 0.5 + అతితాపనం 2.0 = 5.7°

దశ 2: పీడనం కొలిచే పరికరం మార్పు

గేజి తీసేసి, బయటి గాలితో సంబంధం లేకుండా సంపూర్ణ పీడనం చూపే సెన్సరు పెట్టాలి. పరిశీలించినవి మూడు.

బీఎంపీ280 మాడ్యూలు చవక, ±0.1 కి.పా. దాకా నమ్మవచ్చు. కానీ దాని పరిధి 30 నుంచి 110 కి.పా. వరకే. అంటే 69° కింద అది చెప్పే దానికి హామీ లేదు. దాన్ని గది బారోమీటరుగా మాత్రం ఉంచేశాం, ఆ పనికి చక్కగా సరిపోతుంది.

ఎంపీఎక్స్4115ఏ పరిధి 15 నుంచి 115 కి.పా., దోషం ±1.5 కి.పా. 60° దగ్గర 1.6° తప్పు. పైగా 54° దగ్గరే దాని పరిధి అయిపోతుంది.

చివరికి నిలిచింది ఎంపీఎక్స్2100ఏపీ. పరిధి 0 నుంచి 100 కి.పా. దీనిలో యాంప్లిఫయర్ ఉండదు, వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లోనే. అందుకే తూకం యంత్రాల్లో వాడే హెచ్ఎక్స్711 మాడ్యూలుకు కలిపాం. సెన్సరుకు విద్యుత్తు కూడా అదే మాడ్యూలు నుంచి ఇస్తే సరఫరా వోల్టేజీ ఊగినా రీడింగు మారదు.

ఈ సెన్సరు వాలు పూర్తిగా సరళరేఖ కాదు, 1 శాతం దాకా వంపు ఉండవచ్చు. కాబట్టి రెండు చివరలు సరిచేస్తే చాలదు, మధ్యలో కూడా నమ్మదగ్గ బిందువులు కావాలి. దానికి ఖరీదైన ప్రామాణిక గేజి అక్కర్లేదు. బాయిల్ నియమం చాలు.

1. రెండు 1 లీటరు ఫ్లాస్కులు తీసుకుని, మధ్యలో ఒక కుళాయి పెట్టండి. సెన్సరు, పంపు గొట్టం రెండో ఫ్లాస్కు వైపు ఉండాలి.
2. రెండు వైపుల ఘనపరిమాణాలనూ నీటితో నింపి తూచి కనుక్కోండి. గొట్టాల లోపలి ఖాళీ కూడా లెక్కలోకి రావాలి. మా అమరికలో మొదటి వైపు 1062 మి.లీ., రెండో వైపు 1068 మి.లీ. వచ్చాయి.
3. అన్నీ పూర్తిగా ఆరబెట్టండి. చుక్క నీరు మిగిలినా అది ఆవిరై లెక్క పాడు చేస్తుంది.
4. మొదటి ఫ్లాస్కులో గది గాలిని ఉంచి కుళాయి మూసేయండి. రెండో ఫ్లాస్కును పంపుతో పూర్తిగా ఖాళీ చేయండి. ఈ స్థితిలో సెన్సరు అంకె సున్నా బిందువు. పొడిగా ఉన్న చోట రెండంచెల పంపు 0.01 కి.పా. కన్నా కిందికే దిగుతుంది, మన అవసరానికి అది సున్నాయే.
5. పంపు వైపు మూసి, మధ్య కుళాయి తెరవండి. ఐదు నిమిషాలు ఆగండి. వ్యాకోచించిన గాలి చల్లబడి ఉంటుంది, అది గది ఉష్ణోగ్రతకు తిరిగి రావాలి.
6. సెన్సరు అంకె రాసుకోండి. మధ్య కుళాయి మూసి, రెండో ఫ్లాస్కును మళ్లీ ఖాళీ చేసి, 5వ మెట్టు నుంచి కొనసాగించండి.

ప్రతిసారీ పీడనం 1062 ÷ 2130 = 0.4986 రెట్లవుతుంది. గది పీడనం 94.62 కి.పా. అయితే మెట్లు ఇలా దిగుతాయి: 94.62, 47.18, 23.52, 11.73, 5.85. సున్నాతో కలిపి ఆరు బిందువులు. వాటి గుండా వర్గ సమీకరణ వంపు గీసి, ఆ గుణకాలను ప్రోగ్రాములో పెట్టాం. తర్వాత మిగిలిన దోషం 0.2 కి.పా. లోపు.

ఇక్కడ దెబ్బతీసేది గొట్టమే. మెత్తటి పీవీసీ గొట్టం వాక్యూమ్‌లో నలిగి ఘనపరిమాణం మార్చేస్తుంది. 5 మి.మీ. గోడ మందమున్న రబ్బరు గొట్టం, అదీ వీలైనంత పొట్టిగా వాడాలి.

దోషాల పద్దు: సెన్సరు 0.2 + ప్రోబు 0.5 + లోతు 0.5 + అతితాపనం 2.0 = 3.2°

దశ 3: లీకులు, గొట్టాల్లో పడిపోయే పీడనం

నీరు పోయకముందే పొడి ఫ్లాస్కుతో లీకు పరీక్ష చేయాలి. 5 కి.పా. దాకా దించి పంపు వైపు మూసి, పీడనం ఎంత వేగంగా పెరుగుతుందో చూడాలి. మొదట నిమిషానికి 1.2 కి.పా. పెరిగింది. బిరడాలకు గ్రీజు రాసినా, కీళ్లు బిగించినా పెద్ద మార్పు లేదు.

వాక్యూమ్ లీకును సబ్బు నీటితో పట్టుకోలేం, బుడగ రాకుండా నీరే లోపలికి లాగుతుంది. గొట్టాలను ఒక్కొక్క చోట క్లిప్పుతో బిగిస్తూ, ఏ భాగం మూసినప్పుడు పెరుగుదల ఆగుతుందో చూడటమే దారి. అలా వెతికితే దోషి ప్రోబు కేబులు. బిరడాకూ కేబులు పై తొడుగుకూ మధ్య సందు లేదు. గాలి కేబులు లోపలి నుంచే, తీగల మధ్య ఖాళీల గుండా వచ్చి, ఫ్లాస్కు లోపల తొడుగు కొన దగ్గర బయటపడుతోంది. బహుళ పోగుల తీగలున్న ఏ కేబులుకైనా ఇదే గతి.

సరిచేసిన తీరు:

1. బిరడా గుండా పోయే చోట 3 సెం.మీ. మేర కేబులు పై తొడుగు తీసేశాం.
2. ఒక్కో తీగ ప్లాస్టిక్ కూడా వొలిచి, పోగులను టంకంతో నింపాం. లోపల ఇక గాలి దారి లేదు.
3. తీగలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, 8 మి.మీ. గాజు గొట్టంలో పెట్టి ఎపాక్సీ పోశాం. 24 గంటలు గట్టిపడనిచ్చాం.
4. ఆ గాజు గొట్టాన్ని బిరడా రంధ్రంలో బిగించాం.

తర్వాత పెరుగుదల పది నిమిషాలకు 0.3 కి.పా. ఇంత చిన్న లీకు ఈ పద్ధతికి అడ్డం కాదు. పంపుకూ అమరికకూ మధ్య 10 లీటర్ల స్టీలు ట్యాంకు పెట్టి, సూది వాల్వుతో కొంచెం గాలి వదులుతూ పీడనాన్ని నిలబెడతాం కాబట్టి.

దీనికన్నా మోసకరమైనది ఇంకొకటి. సెన్సరు పంపు దగ్గర ఉంది, ఫ్లాస్కుకూ దానికీ మధ్య 1.5 మీటర్ల గొట్టం. ఆవిరి ఆ గొట్టం గుండా ప్రవహిస్తున్నంత సేపూ రెండు చివరల పీడనం ఒకటి కాదు. 60° దగ్గర 300 వాట్లు ఇస్తే సెకనుకు 0.13 గ్రాముల నీరు ఆవిరవుతుంది. చూడటానికి చుక్క పాటి నీరు. ఆ పీడనంలో దాని ఆవిరి దాదాపు ఒక లీటరు. 6 మి.మీ. గొట్టంలో అది సెకనుకు 34 మీటర్ల వేగంతో పోవాలి. మీటరుకు మూడో వంతు కి.పా. చొప్పున 1.5 మీటర్లకు 0.5 కి.పా. పడిపోతుంది. ఫ్లాస్కు లోపల నిజంగా ఉన్న పీడనం సెన్సరు చెప్పే దానికన్నా అంత ఎక్కువ.

దోషాల పద్దు, ఇది తెలిసిన వెంటనే: 3.2 + గొట్టం 0.5 = 3.7°

మార్పు: ఫ్లాస్కు మూతి మీద నేరుగా నిలువు రిఫ్లక్స్ కండెన్సర్ పెట్టి, సెన్సరునూ పంపునూ దాని పై చివరకు కలిపాం. ఆవిరి కండెన్సర్‌లోనే నీరై వెనక్కి కారిపోతుంది. గొట్టంలో ప్రవాహమే లేకపోతే పీడనం పడిపోదు. సెన్సరు గొట్టం మాత్రం కండెన్సర్ నుంచి పైకి వాలుగా ఉండాలి. కిందికి వేలాడితే అందులో నీరు చేరి, ఒక్కో సెం.మీ. నీటి మెట్టుకు 0.1 కి.పా. తప్పు చూపుతుంది.

కండెన్సర్ వల్ల పంపుకు కూడా ప్రాణం నిలిచింది. 500 గ్రాముల నీటిని మరిగిస్తూ 60° నుంచి 40° కి దించాలంటే, గుప్తోష్ణం కింద 17 నుంచి 18 గ్రాములు ఆవిరవ్వాలి. ఆ ఆవిరి అప్పటి పీడనాల్లో వందల లీటర్లు. చేతి పంపు ఇక్కడే చతికిలపడుతుంది. రోటరీ పంపు లాగేస్తుంది గానీ నూనెలో నీరు కలిసి పాలలా తెల్లబడుతుంది. అలా అయిందంటే ఇక లోతు వాక్యూమ్ రాదు. పని అయ్యాక గ్యాస్ బల్లాస్ట్ తెరిచి అరగంట నడిపితే కొంత తేరుకుంటుంది, లేకపోతే నూనె మార్చడమే.

దోషాల పద్దు, కండెన్సర్ తర్వాత: 3.2°

దశ 4: థర్మామీటరు

డీఎస్18బీ20 స్థానంలో నాలుగు తీగల పీటీ100 (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం ప్రోబు), ఆ నిరోధాన్ని కొలిచే మాక్స్31865 మాడ్యూలు. రెండు తీగల పీటీ100 తీసుకోవద్దు. డిగ్రీకి 0.385 ఓములే మారుతుంది కాబట్టి కేబులు నిరోధం 0.2 ఓములున్నా అర డిగ్రీ తప్పు. కొత్త ప్రోబు కేబులుకు కూడా దశ 3లో చెప్పిన ఎపాక్సీ పని చేయాల్సిందే.

క్యాలిబ్రేషన్ రెండు బిందువుల దగ్గర. మొదటిది మంచు బిందువు: డిస్టిల్డ్ వాటర్ మంచును పొడి చేసి, సందులు నిండేంత నీరు మాత్రమే పోయాలి. నీళ్లలో మంచు ముక్కలు తేలే గిన్నె పనికిరాదు, దాని అడుగున 4° దాకా ఉండవచ్చు. రెండోది గది పీడనం దగ్గర ఆవిరి: 94.6 కి.పా. అయితే 98.1°. ఈ రెండో బిందువును క్యాలిబ్రేషన్‌కు వాడేశాం కాబట్టి ఫలితాల్లో దాన్ని రుజువుగా చూపకూడదు.

నీటి శుద్ధి గురించి ఒక మాట. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీరు వాడినా మరుగు స్థానం 0.01° కూడా పెరగదు. డిస్టిల్డ్ వాటర్ వాడేది నురుగు, గాజు మీద తెల్లటి పూత రాకుండా ఉండటానికే.

దోషాల పద్దు: 0.2 + 0.1 + 0.5 + 2.0 = 2.8°

దశ 5: ప్రోబును నీటిలోంచి తీసేయడం

మిగిలిన 2.8 లో 2.5 కేవలం లోతు, అతితాపనాలదే. ఎంత మంచి ప్రోబైనా నీటిలో ముంచినంత కాలం ఇది పోదు.

అతితాపనానికి మొదట పింగాణీ ముక్కలు వేశాం. అవి పనిచేసేది వాటి రంధ్రాల్లో గాలి ఉన్నంతవరకే. ఒకసారి మరగడం ఆగితే రంధ్రాల్లోకి నీరు దూరి, రెండోసారికి అవి ఉత్త రాళ్లు. ప్రతిసారీ కొత్తవి వేయాలి, అదీ చల్లటి నీటిలోనే. వేడెక్కి నిశ్చలంగా ఉన్న నీటిలో వేస్తే మొత్తం ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. తక్కువ పీడనంలో వాటి ఫలితం ఇంకా అంతంత మాత్రం.

రెండోది, సన్నటి కేశనాళిక గుండా నీటి అడుగున గాలి బుడగలు వదలడం. తక్కువ పీడనపు స్వేదనానికి ఇది మంచి ఉపాయమే. కొలతకు మాత్రం పనికిరాదు. బుడగలో గాలి కూడా ఉంటే ఆవిరి వాటా మొత్తం పీడనం కన్నా తక్కువైనా బుడగ పెరుగుతుంది. నీరు తన మరుగు స్థానం కన్నా చల్లగా ఉండి కూడా కళపెళలాడుతూ కనిపిస్తుంది. రీడింగు స్థిరంగా, నమ్మబుద్ధేసేలా, తప్పుగా ఉంటుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం ఇదే.

నీటిలో కరిగిన గాలి కూడా ఇలాగే మోసం చేస్తుంది. మొదట వచ్చే సన్నని బుడగలు మరుగు కాదు, గాలి. పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు గట్టిగా మరిగించాలి.

నిలిచిన పరిష్కారం: అడుగున అయస్కాంత కడ్డీతో తిప్పుతూ మరిగించడం, ఉష్ణోగ్రతను ఆవిరిలో కొలవడం. రామ్సే, యంగ్‌లు 19వ శతాబ్దంలోనే థర్మామీటరు గుండుకు దూది చుట్టి ఆవిరి పీడనాలు కొలిచారు. తడిగా ఉన్న ఉపరితలం మీద నీరూ ఆవిరీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, అక్కడి ఉష్ణోగ్రత ఆ పీడనపు మరుగు స్థానం దగ్గరే నిలుస్తుంది. లోతు లేదు, అతితాపనం లేదు. 1919లో కాట్రెల్ చేసిన పంపు వేరే దారి: మరిగే నీటినే బుడగలతో పైకెత్తి థర్మామీటరు మీద పోస్తుంది. గాజు పని చేయగలిగితే అదీ మంచిదే. వత్తి పద్ధతికి నూలు గుడ్డ ముక్క చాలు.

1. ప్రోబు కొన 3 సెం.మీ. మేర సబ్బు, జిడ్డు లేని నూలు గుడ్డ రెండు చుట్లు చుట్టి, దారంతో కట్టండి.
2. కొనను నీటి ఉపరితలానికి 4 సెం.మీ. పైన ఉంచండి. మరుగు తుంపర తగలకూడదు.
3. మాంటిల్ అంచు నీటి మట్టం కన్నా కిందే ఉండాలి. నీరు తాకని గాజు వేడెక్కితే అది ఆవిరిని మరుగు స్థానం కన్నా పైకి వేడి చేస్తుంది, వత్తి ఎండిపోతుంది.
4. కండెన్సర్ నుంచి కారే చల్లటి నీరు వత్తి మీద పడకూడదు. కండెన్సర్ కొసను ప్రోబుకు ఎదుటి గోడ వైపు తిప్పండి.
5. ఫ్లాస్కు మెడకు ఇన్సులేషన్ చుట్టండి, ఒక సన్నటి కిటికీ మాత్రం వదలండి.
6. ఆ కిటికీలోంచి ఆవిరి అంచు చూడండి. గాజు మీద తడి వలయం ఎక్కడిదాకా పాకిందో అదే అంచు. అది ప్రోబు కన్నా కనీసం 3 సెం.మీ. పైన ఉంటేనే రీడింగు రాయండి. కింద ఉంటే ప్రోబు చుట్టూ గాలి కలిసినట్టే, రీడింగు తక్కువగా వస్తుంది.

దోషాల పద్దు: సెన్సరు 0.2 + ప్రోబు 0.1 + వత్తి 0.1 = 0.4°

దశ 6: కొలతలు

పై పీడనం నుంచి కిందికి దిగితే ప్రతి మెట్టు దగ్గరా నీరు ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే కింద నుంచి పైకి వెళ్లాలి. పీడనం కాస్త పెంచితే మరుగు ఆగుతుంది, మాంటిల్ వేడి మెల్లగా కొత్త మరుగు స్థానానికి చేరుస్తుంది. మూడు నిమిషాల్లో 0.05° కన్నా ఎక్కువ కదలకపోతే రాసుకోవాలి. 5 కి.పా. దగ్గర కండెన్సర్‌లో మంచు నీరు తిప్పాలి. 28° నీటితో 33° ఆవిరిని పట్టుకోవడం కష్టం.

మొదటి విడత (పీడనం, కొలిచినది, పట్టిక విలువ):

- 80 కి.పా.; 93.5°, 93.5°
- 60 కి.పా.; 86.0°, 85.9°
- 40 కి.పా.; 76.0°, 75.9°
- 30 కి.పా.; 69.2°, 69.1°
- 20 కి.పా.; 60.3°, 60.1°
- 15 కి.పా.; 54.2°; 54.0°
- 10 కి.పా.; 46.2°, 45.8°
- 5 కి.పా.; 33.6°, 32.9°

కింద బిందువుల్లో తేడా పెరుగుతోంది. డిగ్రీల్లో చూస్తే 0.2 నుంచి 0.7 దాకా పాకింది, క్రమం కనిపించదు. అదే తేడాలను పీడనంలోకి మారిస్తే 20, 15, 10, 5 కి.పా. నాలుగింటి దగ్గరా సుమారు 0.2 కి.పా. మరుగు స్థానం పట్టికతో సరిపోనప్పుడు తేడాను ఇలా పీడనంలోకి మార్చి చూడటం మొదటి పని. అన్ని చోట్లా ఒకే అంకె వస్తే సెన్సరు సున్నా జరిగినట్టు. పైన 80 కి.పా. దగ్గర ఇది థర్మామీటరు దోషంలో కలిసిపోతుంది, కనబడదు.

కారణం దొరికింది. సెన్సరు మాంటిల్ పక్కనే ఉండి వేడెక్కుతోంది, క్యాలిబ్రేషన్ జరిగింది చల్లగా ఉన్నప్పుడు. దాన్ని 60 సెం.మీ. దూరం జరిపి, ప్రతి విడతకు ముందూ వెనకా పొడి వాక్యూమ్‌లో సున్నా సరిచూశాం.

రెండో విడత, కింద బిందువులు మాత్రం: 20 దగ్గర 60.1°, 15 దగ్గర 54.0°, 10 దగ్గర 45.9°, 5 దగ్గర 33.0°.

పట్టిక చేతిలో లేనప్పుడు పోల్చుకోవడానికి ఆంటోయిన్ సూత్రం చాలు: ఉష్ణోగ్రత = 1730.63 ÷ (7.19621 − పీడనపు లాగ్) − 233.426. పీడనం కి.పా.ల్లో, లాగ్ పది ఆధారంగా. ఈ పరిధిలో పట్టికకు 0.1° అటూ ఇటూగా వస్తుంది.

ఇక ఈ అంకెల్లోంచి గుప్తోష్ణం తీయవచ్చు. పీడనపు సహజ లాగ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే దాదాపు సరళరేఖ. దాని వాలును 8.314 తో గుణిస్తే మోలుకు జౌళ్లు. 20 నుంచి 94.6 కి.పా. మధ్య 42.1 కిలోజౌళ్లు వచ్చింది. భాగాలుగా చూస్తే 10–20 మధ్య 43.2, 40–94.6 మధ్య 41.8. రేఖ కొంచెం వంగిందన్నమాట. అది పొరపాటు కాదు, వేడి పెరిగేకొద్దీ గుప్తోష్ణం నిజంగానే తగ్గుతుంది. 100° దగ్గర పుస్తక విలువ 40.7. పై భాగపు అంకె దానికన్నా కాస్త ఎక్కువ రావడానికి రెండు కారణాలు: ఆ భాగపు సగటు ఉష్ణోగ్రత 87° దగ్గరే ఉంది, నీటి ఆవిరి ఆదర్శ వాయువులా పూర్తిగా నడుచుకోదు. దశ 1 అమరికతో ఈ వంపు కనబడే ప్రశ్నే లేదు.

దశ 7: గది పీడనం పైకి

మూసిన గాజు పాత్రలో పీడనం పెంచే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఒక మీటరు దాకా మాత్రం నీటి స్తంభంతో సురక్షితంగా వెళ్లవచ్చు. సెన్సరు పరిధి 100 కి.పా. దగ్గర అయిపోతుంది కాబట్టి ఇక్కడ పీడనం = బారోమీటరు + నీటి లోతు.

1. పంపు గొట్టం తీసేసి, కండెన్సర్ పై చివర నుంచి ఒక గొట్టాన్ని పొడవాటి నిలువు నీటి గొట్టంలోకి దించండి. మధ్యలో వాల్వు, క్లిప్పు ఏవీ ఉండకూడదు.
2. కండెన్సర్‌కూ నీటి గొట్టానికీ మధ్య ఒక ఖాళీ సీసా పెట్టండి. మాంటిల్ ఆపగానే ఆవిరి ముడుచుకుని నీటిని వెనక్కి లాగుతుంది. ఆ నీరు వేడి ఫ్లాస్కులోకి కాకుండా సీసాలోకి చేరాలి. సీసా ఘనపరిమాణం నీటి గొట్టంలోని మొత్తం నీటి కన్నా ఎక్కువుండాలి.
3. చిన్న అక్వేరియం పంపుతో కండెన్సర్ పై చివరకు గాలి అందించండి. స్తంభం అడుగున సెకనుకు ఒకటి రెండు బుడగలు వస్తుంటే లోపలి పీడనం లోతుకు సరిగ్గా సమానం. పంపు ఒక మీటరు లోతుకు గాలి నెట్టగలదో లేదో ముందే చూసుకోండి, చిన్నవి చాలా వరకు నెట్టలేవు.
4. బిరడాలకు క్లిప్పులు పెట్టండి. 3 సెం.మీ. బిరడా మీద 10 కి.పా. అంటే ఏడు న్యూటన్లు, వేడికి మెత్తబడ్డ రబ్బరును లేపడానికి అది చాలు.

ఒక మీటరు నీరు 9.8 కి.పా. గది 94.6 ఉంటే మొత్తం 104.4, పట్టిక విలువ 100.8°. కొలిచినది 100.8°. ప్రతి 10 సెం.మీ. లోతుకు 0.27° చొప్పున మెట్లు మెట్లుగా పెరగడం ఇక్కడ కళ్లెదుటే కనిపిస్తుంది.

ఇంతకన్నా పైకి, అంటే 205 కి.పా. దగ్గరి 121° వరకు వెళ్లాలంటే పీడన పరీక్ష పాసైన, సేఫ్టీ వాల్వు ఉన్న ఆటోక్లేవు లాంటి లోహ పాత్ర ఒక్కటే దారి. ప్రోబు కోసం అలాంటి పాత్రకు రంధ్రం వేస్తే ఆ పరీక్ష విలువ పోతుంది. తయారీదారు ఇచ్చిన ప్రోబు ద్వారం ఉన్నదే వాడాలి. ఆపే క్రమం: ముందు మాంటిల్, మరుగు ఆగాక నీటి స్తంభం గొట్టం పైకి ఎత్తడం, ఆ తర్వాతే గాలి పంపు. ఈ వరుస మారితే 2వ మెట్టులోని సీసా నిండిపోతుంది.